ముందు దిగేవాడు

నేను ఒక ఆటయంత్రాన్ని. రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో వెలిగే అద్దంలోకి చూస్తూ, బొటనవేళ్ళతో మీటలు నొక్కి ఆడుకునే రకం. సముద్రం అవతల ఒక పెద్ద షెడ్డులో, నాలాంటి వేలమందితో పాటు నడిచే పట్టీ మీద జారుకుంటూ పుట్టాను. నా వెనక మూత బిగించిన అమ్మాయి నన్ను సరిగ్గా చూడను కూడా లేదు. పక్కమ్మాయితో ఏదో చెప్పి నవ్వుకుంటూ ఆఖరి మర తిప్పేసి, తర్వాతిదాన్ని అందుకుంది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత జరిగింది విన్నవాళ్ళు నాలో పుట్టుకతోనే ఏదో దూరి ఉందనుకుంటారు. ఏమీ లేదు. నా తోబుట్టువుల్లో ఏముందో నాలోనూ అదే ఉంది.

మొదట విశాఖపట్నంలో ఒక కళ్ళ డాక్టరు గారింట్లో దిగాను. ఆయన కొడుకు ఇంటర్మీడియట్‌లో చేరగానే ఇంటిల్లిపాదీ కూర్చుని నా మీద విచారణ జరిపారు. లెక్కల్లో మార్కులు తగ్గడానికి నేనే కారణమని తేల్చారు. నేను ఆ గడప తొక్కకముందు కూడా అబ్బాయికి అవే మార్కులు వచ్చేవి. మనుషులకి కోపం వచ్చినప్పుడు ఎదురుగా ఒక వస్తువుంటే చాలు. అక్కడినుంచి పూర్ణామార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్టుకి చేరి, ఇస్త్రీపెట్టెలకీ గోడగడియారాలకీ మధ్య కొన్నాళ్ళు పడున్నాను. ఒకరోజు విజయనగరం నుంచి ఒక మొగుడూ పెళ్ళాం మిక్సీ జారు కోసం ఆ కొట్టుకి వచ్చారు. జారు దొరకలేదు. నన్ను కొనుక్కుని వెళ్ళారు.

ఆవిడ పేరు హైమావతి. విజయనగరంలో ఒకే తెర ఉన్న పాత సినిమా హాల్లో టిక్కెట్లు ఇస్తుంది. ఇనప జాలీ వెనక, చెయ్యి పట్టేంత కన్నం ముందు స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఆట మొదలయ్యే ముందు ఊపిరి సలపదు. మొదలయ్యాక ఈగలు తోలుకోవడమే. ఆయన పేరు పైడిరాజు. హైమకి మేనమామ కొడుకు, మొగుడు. అదే హాలుకి బేనర్లు కట్టేవాడు. కొత్త సినిమా వస్తే హాలు నుదుట ఉన్న ఇనప చట్రం ఎక్కి, నడుముకి మోకు చుట్టుకుని, హీరో మొహాన్ని నలుమూలలా లాగి కట్టి దిగుతాడు. ఏ పనికైనా ముందు దూకేవాడు అతనే. ఎవరింట్లో పాము దూరినా, ఎక్కడ తీగ తెగి వేలాడినా, పొయ్యి మీంచి దించిన చారు రుచి చూడాలన్నా ముందు అతనే. ఆలోచన తర్వాత తీరిగ్గా నడిచొచ్చేది.

నా అద్దంలో హైమ ఆడింది మృగాల పోటీ. ఆటగాడి దగ్గర ఆరు మృగాలుంటాయి. ఎక్కడో ప్రపంచం ఆ మూలనున్న ఇంకొకరి దగ్గర ఆరుంటాయి. ఒక్కోటీ ముందుకొచ్చి తలపడుతుంది. మా ఆటలో చావు లేదు. బలం అయిపోయిన మృగం మూర్ఛపోతుంది. కళ్ళు మూసుకుని పక్కకి ఒరిగి, అద్దంలోంచి మెల్లగా చెరిగిపోతుంది. పోటీ అయ్యాక మళ్ళీ లేచి కూర్చుంటుంది. చిన్నపిల్లలు కూడా ఆడతారు కదా, తయారుచేసినవాళ్ళు అంతవరకూ ఆలోచించారు.

మొదట్లో హైమ దెబ్బ కాచుకునే జట్టు పెట్టుకుంది. తాబేలు లాంటివి, బండరాయి లాంటివి, గాయాలు మాన్పుకునేవి. వాటితో ఓడిపోయేది కాదు, గెలిచేదీ కాదు. పోటీ సాగి సాగి, ఈలోగా ఫస్ట్‌షో జనం కన్నంలోకి చేతులు పెట్టి "టిక్కెట్టమ్మా" అని కేకలేసేవారు. సగంలో నన్ను ఆపెయ్యాల్సి వచ్చేది. ఆపితే ఓడినట్టే లెక్క. అలా చాలాసార్లు ఓడాక ఆవిడకి అర్థమైంది, తన తీరికకి సరిపోయేది కొట్టే జట్టేనని. ఎదుటివాడు తేరుకునేలోపు గెలవాలి, లేదా ఓడాలి. ఏదైనా ఇంటర్వెల్‌లోపే తేలిపోవాలి.

ఆ జట్టు కట్టడానికి హైమ పడ్డ శ్రమ చూస్తే నాకు ముచ్చటేసేది. అరటిపండు తింటూ, క్యాంటీన్ టీ చల్లార్చుకుంటూ, ఒక్కో మృగాన్నీ పెంచింది. నిప్పు కక్కే నక్కకి కొరివి అని పేరు పెట్టింది. నీటి గుర్రానికి ఉప్పెన, రెక్కల తేలుకి పిడుగు. ఇంకో రెండు కూడా అలాంటివే. ఒక్కదానికీ ఒంటి మీద కాపు లేదు, కొట్టడమే కాపు. ఆరోది వేరు. ఇలాంటి జట్టుకి ముందు దిగేవాడొకడు కావాలి. వాడు అందరికంటే ముందు మైదానంలోకి ఉరికి, ఎదుటివాడి వైపు నేలంతా ముళ్ళు చల్లాలి. ఆ తర్వాత ఎదుటి జట్టులో ఏది దిగినా ముళ్ళ మీదే అడుగు పెట్టాలి. చల్లడం అవగానే వీడు దెబ్బ తిని పడిపోవాలి. పడితేనే మేలు. వీడు పడిన జాగాలోకి కొరివి చిన్న గాయం కూడా తగలకుండా దిగుతుంది.

ఆ పనికి హైమ ఒక ముళ్ళపందిని ఎంచింది. చురుకైనది, తేలికైనది, ఒక్క దెబ్బకి ఒరిగిపోయేది. దానికి ఏం పేరు పెట్టాలా అని చూస్తూ ఉండగా, బయట పైడిరాజు చట్రం ఎక్కుతూ కనబడ్డాడు. నిచ్చెన పట్టుకునేవాడు ఇంకా రానేలేదు, ఇతను సగం ఎక్కేశాడు. హైమ నవ్వుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హైమ తన మొగుడి పేరు నోటితో పలికిన మనిషి కాదు. పెళ్ళయి గడప దాటేటప్పుడు ఆడపడుచులు అడ్డం నిలబడితే ఒక్కసారి గబుక్కున చెప్పింది, అంతే. మొగుడి పేరు పలికితే ఆయువు తరుగుతుందని ఆవిడ అమ్మమ్మ చెప్పేది. హైమకి నమ్మకమూ లేదు, ధైర్యమూ లేదు. బావా అని పిలవడంతో గడిచిపోయింది. కానీ రాయడం పలకడం కాదు కదా. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, ముళ్ళపంది తల మీద ఆ పేరు పెట్టింది. పెట్టాక దాన్ని వేలితో తాకింది. ఆ క్షణం నాకు తేడా ఏమీ తెలియలేదు. ఇప్పటికీ ఎన్నిసార్లు వెతుక్కున్నా ఆ క్షణంలో ఏమీ కనబడదు.

జట్టు వెంటనే గెలవడం మొదలెట్టింది. పైడిరాజు కళ్ళు తిరగడమూ అప్పుడే మొదలైంది.

మొదట టీ గ్లాసు చేజారింది. తర్వాత సైకిలు దిగుతూ తూలాడు. పొద్దున్న కాదు, రాత్రి కాదు. మాట్నీకీ ఫస్ట్‌షోకీ మధ్య మాత్రం తప్పకుండా ఉండేది. ఎంతసేపో కాదు, కొవ్వొత్తి మీద ఊదితే మంట ఒరిగి లేచినంతసేపు. హాలు మేనేజరు కుమారస్వామి గారు ఆసుపత్రికి పొమ్మన్నారు. రక్తం తీశారు, తలకి వైర్లు తగిలించారు. ఏమీ లేదన్నారు. "ఎండలో తిరుగుడు తగ్గించమన్నారే" అని నవ్వేశాడు పైడిరాజు.

ఆ నెలలోనే విశాఖపట్నంలో ఒక పెద్ద మాల్‌లో పోటీలు పెట్టారు. జిల్లాల నుంచి ఆటగాళ్ళు వచ్చారు. చాలామంది కాలేజీ కుర్రాళ్ళు. నైలాన్ చీర కట్టుకుని నన్ను చేతిసంచిలోంచి తీసిన హైమని చూసి, ఎవరి అమ్మో కొడుకుని వెతుక్కుంటూ వచ్చిందనుకున్నారు. మొదటి పోటీ అయ్యేసరికి ఆ అనుమానం తీరింది. ముళ్ళపంది దిగడం, ముళ్ళు చల్లడం, పడిపోవడం. కొరివి దిగడం, అవతలి జట్టు వరసగా ఒరగడం. ఒకరి తర్వాత ఒకరు ఆవిడ ముందు కూర్చున్నారు, లేచి వెళ్ళిపోయారు. ఆఖరిది గెలిచినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. హైమ మొహం వెలిగిపోయింది. మొగుడు చూశాడా లేదా అని జనంలోకి చూసింది.

పైడిరాజు రెండో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. హైమ దగ్గరికి వెళితే, అతని పక్క కుర్చీలో ఆవిడ నవ్వుతూ అంది: "ఏటమ్మా, మీ ఆయన అలా నిద్రోతాడు? నువ్వు ఆట మొదలెట్టడం, ఆయన ఒరిగిపోవడం. మళ్ళీ లేస్తాడు. మళ్ళీ నువ్వు మొదలెడితే మళ్ళీ ఒరుగుతాడు. మీకేటి, పందెమా?"

హైమ చేతులు చల్లబడటం నాకు తెలిసింది. ఆ చేతుల్లోనే ఉన్నాను కదా.

మర్నాడు పొద్దున్న ఇంట్లో అంతా చెప్పేసింది. పైడిరాజు వీపు గోడకి ఆనించి చాప మీద కూర్చుని విన్నాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"నా పేరెందుకు పెట్టావే?"

"ముందు దూకేవోడివి నువ్వే కదా బావా. సరదాకి పెట్టినాను."

"దూకేవోడి పేరు సరే. పడిపోయేవోడి పేరు కూడా నాదేనేటి?"

అతను తలగడ తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాడు. "ఆడు. సూద్దాం" అన్నాడు. ఆవిడ వద్దంది. "తెలీకుండా బతకడం కంటే తెలుసుకుంటే మంచిదే. ఆడు" అన్నాడు. ఈ పనికీ ముందు దిగింది అతనే.

ఆడింది. ముళ్ళపంది నా అద్దంలో పక్కకి ఒరిగింది. చాప మీద పైడిరాజు అదే పక్కకి, అదే తీరున ఒరిగాడు. హైమ నన్ను నేల మీద పడేసి అతని బుగ్గలు తట్టింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు.

"ఏటైంది బావా? ఏటి కనబడింది?"

"నున్నటి నేల" అన్నాడు. "ఎండున్నాది గానీ నీడ లేదే. నా కాళ్ళకాడ కూడా లేదు. ఎదరగా పేద్దది ఏదో నిలబడున్నాది. ఎనకాల్నుంచి ఎవరో నన్ను ముందుకి తోస్తన్నారు."

"ఎవరు?"

అతను ఆవిడ వైపు చూశాడు. "ఎనక్కి తిరగనివ్వరే" అన్నాడు.

తర్వాత అరికాళ్ళు ఎత్తి చూసుకున్నాడు. గీత కూడా లేదు. అయినా ఆ రోజంతా మడమల మీదే నడిచాడు.

హైమ అప్పుడు చేసిన పని తప్పని ఇప్పుడు చెప్పడం తేలిక. ఇంట్లో పాము కనబడితే దాన్ని బతిమాలుతూ కూర్చోం, బయటికి తోలేస్తాం. మా ఆటలో కళ్ళు మూసుకుని మార్చుకునే పద్ధతి ఒకటుంది. మన మృగాన్ని గాల్లోకి వదిలితే, ఎక్కడో ఎవరో తెలియని ఆటగాడు వదిలింది మనకి వస్తుంది, మనది వాళ్ళకి పోతుంది. హైమ ముళ్ళపందిని అలా వదిలేసింది. దానికి బదులు ఒక నత్త వచ్చింది. అవతల తీసుకున్నవాళ్ళది ఏదో అర్థంకాని పేరు, పక్కన నీలం చారల జెండా. అంతే తెలిసింది.

వారం రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. హైమ నన్ను అలమారలో చీరల కింద పెట్టేసింది. పైడిరాజు చట్రం ఎక్కాడు, బేనరు కట్టాడు, చేపలు తెచ్చి తనే వండాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, అతను చట్రం పైఅంచున హీరో చెవి దగ్గర తాడు ముడేస్తూ ఉండగా, చేతులు వదిలేశాడు. నడుముకున్న మోకు పట్టి ఆపింది. తలకిందులుగా, బేనరుకి కొట్టుకుంటూ, చాలాసేపు వేలాడాడు. కింద జనం గుమిగూడి అరిచారు. నలుగురు ఎక్కి దించారు. దించాక కూడా వెంటనే లేవలేదు.

కుమారస్వామి గారు ఆ రోజే చెప్పేశారు. "ఇంక నువ్వు చట్రం ఎక్కడానికి వీల్లేదయ్యా. గేటు దగ్గర కూర్చుని టిక్కెట్లు చింపు. నీ జీతం ఎక్కడికీ పోదు."

మా ఆటకి ఒక నియమం ఉంది. పరాయివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మృగం పేరు మార్చడానికి వీల్లేదు. మొదట పెంచినవాళ్ళే మార్చాలి. జెండావాడి దగ్గర ఆ ముళ్ళపంది పైడిరాజుగానే ఉంది. జట్టుకి బాగా పనికొచ్చే మృగమని అతను కనిపెట్టాడు. వాడటం మొదలెట్టాడు. హైమ ఆడింది షో నడుస్తున్నప్పుడే. అతను ఎప్పుడు పడితే అప్పుడు ఆడేవాడు. అన్నం తింటూ పైడిరాజు కంచం మీదికి వాలిపోయేవాడు. స్నానం చేస్తూ తలుపు వెనక దబ్బుమనేవాడు. భయమేసేది ఇంకొకటి. లేవడానికి ప్రతిసారీ ముందుకంటే ఎక్కువసేపు పట్టేది.

"ఆ నేల అలవాటైపోతాందే" అన్నాడొకసారి. "అక్కడికెళ్ళగానే ఎటు నిలబడాలో తెలిసిపోతాంది."

హైమ నన్ను చీరల కింద నుంచి తీసింది.

జెండావాడికి ఉత్తరం రాయడానికి లేదు, ఫోను చెయ్యడానికి లేదు. మా ఆటలో సమవుజ్జీలనే ఒకరి ముందు ఒకర్ని నిలబెడతారు. ర్యాంకుల పట్టికలో అతని పేరు రోజురోజుకీ పైకి పోతోంది. ముళ్ళపంది పుణ్యమే అది. అతన్ని కలిసి ముళ్ళపందిని తిరిగి అడగాలంటే హైమ కూడా అంత ఎత్తు ఎక్కాలి. ఎక్కాలంటే గెలవాలి. పేరు పెట్టని ఒక మామూలు బల్లిని ముందు దిగడానికి పెట్టుకుని, ఆవిడ మళ్ళీ కొట్టడం మొదలెట్టింది. ఇంతకుముందు ఆవిడ ఆడుతుంటే పెదాల మీద చిన్న నవ్వుండేది. ఇప్పుడు పళ్ళు బిగించి ఆడింది. అన్నం మానేసింది. ఇంత బాగా నన్ను ఎవరూ ఆడలేదు. మెచ్చుకోవాలో భయపడాలో నాకు తెలియలేదు.

అతను ఎదురుపడింది ఒక మాట్నీ సమయంలో. హాల్లోంచి ఫైటింగు చప్పుళ్ళు గోడలు దాటి వస్తున్నాయి. జాలీలోంచి చూస్తే గేటు దగ్గర స్టూలు మీద పైడిరాజు కూర్చుని ఉన్నాడు. నా అద్దం మీద నీలం చారల జెండా వచ్చింది. అవతల జట్టులోంచి మొదట ముళ్ళపంది దిగింది. దాని తల మీద ఆవిడ పెట్టిన పేరు. జెండావాడి దేశంలో అప్పుడు నడిరాత్రి అయ్యుండాలి.

ముళ్ళపంది ముళ్ళు చల్లింది. ఈసారి హైమ వైపు నేల మీద.

ఇంక ఆవిడ ఏం చెయ్యాలి? కొడితే ఒక్క దెబ్బకి పడిపోతుంది. అవతలివాడికి కావలసిందీ అదే. కొట్టకుండా ఉండాలంటే, ముళ్ళు చల్లడం అయిపోయిన బల్లితో సహా, తన జట్టులో కొట్టడం తప్ప వేరే పని మిగిలిన మృగం లేదు. చెయ్యగలిగింది ఒక్కటే. ఉన్నదాన్ని వెనక్కి పిలిచి వేరేదాన్ని దించడం. దిగిన ప్రతిదీ ముళ్ళ మీదే దిగుతుంది.

బల్లిని వెనక్కి పిలిచి ఉప్పెనని దించింది. ముళ్ళు గుచ్చుకున్నాయి. వెనక్కి పిలిచి పిడుగుని దించింది. దానికీ గుచ్చుకున్నాయి. ముళ్ళపంది మధ్యమధ్య ఒక చిన్న దెబ్బ కొట్టేది. మళ్ళీ పిలవడం, మళ్ళీ దించడం. ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుని పెంచిన జట్టు, ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా, ఒకదాని వెనక ఒకటి ముళ్ళ మీద నడిచి ఒరిగిపోతోంది. హైమ చూపు నా మీద కొంత, గేటు మీద కొంత ఉంది. అక్కడ పైడిరాజు కాళ్ళు రెండూ నేల మీంచి ఎత్తి స్టూలు కర్ర మీద పెట్టుకున్నాడు. తల తిప్పి, జాలీలోంచి సూటిగా ఈమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో తనని గుర్తుపట్టినట్టు లేదని తర్వాత హైమ నాలుగైదుసార్లు తనలో తాను అనుకుంది.

ఆఖరికి కొరివి ఒక్కటే మిగిలింది. దానికీ ఊపిరి కొంచెమే ఉంది. అప్పుడు జెండావాడు కొట్టడం ఆపాడు. కొట్టడానికి ఇచ్చే గడువు గడిచింది, ముళ్ళపంది కదల్లేదు. మాట్లాడుకోవడానికి మా ఆటలో కొన్ని బొమ్మలుంటాయి. తల పక్కకి వంచి అడుగుతున్న బొమ్మ ఒకటి అద్దం మీద వచ్చింది. హైమ రెండు చేతులు ఇచ్చిపుచ్చుకుంటున్న బొమ్మ పంపింది. అటునుంచి ఏమీ రాలేదు. మళ్ళీ పంపింది. మళ్ళీ పంపింది. ఆ తర్వాత పోటీలో ఓటమి ఒప్పుకుంది.

ఆటలో మృగాలు మార్చుకునే గదిలోకి అతను వచ్చాడు. అతనో, ఆమో, పిల్లో, ముసలో నాకు తెలియదు. ముళ్ళపందిని ముందు పెట్టాడు. హైమ దానికి ఎదురు కొరివిని పెట్టింది. ఆవిడకున్నవాటిలో అంతకంటే మంచిది లేదు. చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత రెండూ ఒకదాన్ని ఒకటి దాటుకుని వెళ్ళిపోయాయి. అవతల్నుంచి చెయ్యి ఊపే బొమ్మ ఒక్కటి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరూ నా ముందు కూర్చున్నారు. మా ఆటలో వంతెన పక్క గుడిసెలో ఒక ముసలమ్మ ఉంటుంది. మృగాల పేర్లు మార్చడం ఆవిడ పని. పేరు ఖాళీగా వదిలేస్తే మృగానికి దాని జాతి పేరే మిగులుతుంది.

"నువ్వు ముట్టుకోకు. నా పేరు నానే తీస్తాను" అన్నాడు పైడిరాజు.

చివరనుంచి ఒక్కో అక్షరం చెరిపాడు. ఒక్కోదానికీ హైమ అతని మొహం వంక చూసింది. ఏమీ కాలేదు. ఒరగలేదు, తూలలేదు. ఆఖరి అక్షరం పోయాక ముసలమ్మ నవ్వి, అయిపోయిందని చెప్పింది. హైమ వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఆవిడ వీపు నిమిరి, ఆకలేస్తోందన్నాడు. ఇద్దరూ పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని తిన్నారు.

మూర్ఛలు పోయాయి. ఆ తర్వాత ఒక్కటి కూడా రాలేదు. కొన్ని నెలలు చూసి కుమారస్వామి గారు మళ్ళీ చట్రం ఎక్కనిచ్చారు. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మొదట గమనించింది ఆయనే. పిలిస్తే పలకడం లేదని హైమతో అన్నారు. "చెవులు చూపించమ్మా. పక్కనే నిలబడి కేకేస్తే ఎవర్నో పిలిచినట్టు ఊరుకుంటాడు." చెవులు బాగానే ఉన్నాయి. ఏవయ్యా అంటే తిరుగుతాడు, బావా అంటే వస్తాడు. పేరు పెట్టి పిలిస్తేనే కదలడు. ఒకరోజు బ్యాంకులో ఇవ్వమని హైమ ఆధార్ కార్డు చేతికిస్తే తిప్పి తిప్పి చూశాడు. "ఫోటో నాదే. ఈ పేరెవరిదే? ఎక్కడో ఇన్నట్టున్నాది" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని హైమ ఆశగా చూసింది. అతను నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం హైమ తలుపు దగ్గరగా వేసి, అతని ఎదుట నిలబడి, ఇన్నేళ్ళూ పలకని మాట పలికింది.

"పైడిరాజూ."

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఎవరొచ్చారా అని.

ఆ తర్వాత హైమ నన్ను ఎప్పుడూ వెలిగించలేదు. విరగ్గొట్టడానికి చెయ్యాడలేదు, అమ్మడానికి మనసొప్పలేదు. హాలు పైన, ఎవరూ వాడని పాత ప్రొజెక్టరు గదిలో, తుప్పు పట్టిన రీలు డబ్బాల పక్కన పెట్టి వెళ్ళిపోయింది. నా మీద దుమ్ము పేరుకుంది. నాలో ఉన్న కరెంటు చుక్క చుక్కగా ఇంకిపోయి, ఒకనాటికి పూర్తిగా ఆరిపోయింది. మనుషులు దీన్ని విశ్రాంతి అంటారనుకుంటాను. నాకు ఇబ్బందేమీ లేదు.

మొన్న అతను మోకు కోసం ఈ గదిలోకి వచ్చాడు. మనిషి బాగున్నాడు, కొంచెం ఒళ్ళు కూడా చేశాడు. ఈల వేసుకుంటూ నా పక్కనే నిలబడి, మోచేతికీ బొటనవేలికీ తాడు చుట్టుకుంటున్నాడు. కిందనుంచి కుమారస్వామి గారు అలవాటు మానుకోలేక గొంతెత్తి పిలిచారు.

"ఒరే పైడిరాజూ!"

అతను తాడు చుట్టుకుంటూనే ఉన్నాడు. ఈల కూడా ఆగలేదు.

చీకటిగా ఉన్న నా అద్దం వెనక, ఆ పిలుపుకి ఏదో తలెత్తింది.